కినుయో ఫోను నంబరు

హత్తా కినుయో ఫోను మోగిందంటే అవతలివాళ్లు అడిగేది ఆమె కోసం కాదు. ఫెర్నాండెస్‌గారు ఉన్నారా అంటారు, లేకపోతే ఫలానా పోలెండు ఆయన ఉన్నారా అంటారు. ఆవిడ గొంతు సవరించుకుని, ఉన్నారు చెప్పండి అంటుంది. అరవై దాటిన మనిషి. భర్త పోయి చాలా ఏళ్లయింది, పిల్లల్లేరు. ఒసాకా తీరాన ఒక చిన్న స్టేషను పక్కన, రాత్రింబవళ్లు తెరిచి ఉండే దుకాణంలో గల్లా దగ్గర పని. ఆమె ఫోనుకి ఇన్ని దేశాల చుట్టరికం ఎలా కలిసిందంటే, అదంతా దుకాణం మూలనున్న టికెట్ల యంత్రం చేసిన నిర్వాకం.

రైలెక్కితే కాసేపట్లో దిగే దూరంలో పెద్ద వినోదాల పార్కు ఉంది. గేటు దగ్గర టికెట్లు అమ్మరు, ముందే కొనుక్కోవాలి. ఆ పార్కు వెబ్‌సైటుకి పరాయి దేశపు బ్యాంకు కార్డంటే గిట్టదు. అన్నీ నింపించుకుని, చివరి నిమిషంలో కుదరదంటుంది. అప్పుడెవరో చెబితే ఆ విదేశీయులు పెట్టెలు లాక్కుంటూ ఈ దుకాణానికొస్తారు. ఇక్కడి యంత్రం జపనీసు తప్ప మరో ముక్క మాట్లాడదు. ఇంటిపేరు ఒక గడిలో, సొంత పేరు ఒక గడిలో, అవీ ఇక్కడి అక్షరాల్లోనే ఉండాలంటుంది. ఆ తర్వాత ఈ దేశపు ఫోను నంబరు అడుగుతుంది. అది లేకపోతే ఎంతో వినయంగా క్షమాపణ చెప్పి మళ్లీ మొదటికి తెస్తుంది. మర్యాదకేం లోటు లేదు, టికెట్టే రాదు.

దుకాణం సిబ్బంది ఆ యంత్రాన్ని ముట్టుకోకూడదని పైనుంచి ఆదేశం. కినుయో ముట్టుకుంది. పేర్లు తనే కొట్టి, నంబరు దగ్గర తన నంబరే కొట్టేది. మొదటిసారి ఇబ్బందిపడుతున్న ఒక జంటను చూడలేక చేసింది. తర్వాత వారం పార్కు నుంచి ఫోనొచ్చింది. గాలి ఎక్కువగా ఉంది, సాయంత్రం ఊరేగింపు రద్దయింది, మీవాళ్లకి చెప్పండి అన్నారు. మీవాళ్లు! భర్త పోయాక ఆ ఫోను మోగడమే తక్కువ. తన కోసం కాకపోయినా అది మోగడం ఆమెకు ఇష్టమైపోయింది. పైకైతే అనలేదు గానీ, నిజం అదే.

మేనేజరు ఇగుచి ఆమె కంటే బాగా చిన్నవాడు, చెడ్డవాడేం కాదు. ఒకసారి పట్టుకున్నాడు. ఇంకోసారి ఇలా జరిగితే చూడనట్టు ఊరుకోవడం తన వల్ల కాదన్నాడు. ఆమె నడుం వంచి క్షమాపణ చెప్పుకుంది. ఈ వయసులో ఇంకెవరు పనిస్తారు? పైగా దుకాణానికి వెళ్లని రోజు ఆమెతో ఒక్క మాట మాట్లాడేవాళ్లుండరు. అందుకని కొన్నాళ్లు బుద్ధిగా ఉంది. చెర్రీ పూలు రాలిపోయే రోజుల్లో ఇండోనేసియా నుంచి ఒక కుటుంబం వచ్చేదాకా.

కొడుకూ కోడలూ, ఇద్దరు ఆడపిల్లలూ, ముసలితల్లీ. ఆవిడ పేరు సుమియాతి. అంతే, వాళ్లలో చాలామందికి ఇంటిపేరన్నది ఉండదట. యంత్రం మాత్రం రెండో గడి ఖాళీగా ఉంటే ఒప్పుకోదు. కొడుకు పాస్‌పోర్టు చూపించి, ఇంతకంటే లేదు మహాప్రభో అన్నట్టు చేతులు చాచాడు. ఇగుచి వెనక గదిలో సరుకు సర్దుతున్నాడు. కినుయో గబగబా వచ్చి రెండు గడుల్లోనూ సుమియాతి అనే కొట్టింది. కింద అలవాటుగా తన నంబరు పడిపోయింది. టికెట్టు మీద ఆవిడ పేరు రెండుసార్లు ఉందని కినుయో వేలితో చూపిస్తూ చదివితే ఆ ముసలావిడ పగలబడి నవ్వింది. వెళ్తూ వెళ్తూ కినుయో చేతిని రెండు చేతులతో పట్టుకుని, తర్వాత తన గుండెకు ఆనించుకుంది. కొత్తవాళ్లు ఒకరినొకరు ముట్టుకోని ఊరది. కినుయో ఏం చెయ్యాలో తోచక మళ్లీ నడుం వంచింది.

మర్నాడు మధ్యాహ్నం, భోజనాల రద్దీలో ఆమె ఏప్రన్ జేబులో ఫోను మోగింది. పనివేళలో ఫోను దగ్గరుంచుకోవడమే తప్పు. పక్కనే ఇగుచి ఎవరిదో అన్నం డబ్బా వేడిచేస్తున్నాడు. ఆమె వినపడనట్టే నటించింది. ఆగి, మళ్లీ మోగింది. తియ్యకపోతే ఎవరికో ఏమయిందో. తీస్తే ఉద్యోగం పోతుంది. ఆమె తీసింది.

సుమియాతి సుమియాతిగారి తాలూకు మనుషులేనా అని పార్కువాళ్లు అడిగారు. ఆవిడ, కోడలి తలముసుగు రంగే ఉన్న ముసుగులు చూసి వేరే గుంపును తనవాళ్లనుకుని వాళ్ల వెంట గేటు బయటికి వచ్చేసిందట. తనవాళ్లేమో లోపలెక్కడో వెతుక్కుంటున్నారు కాబోలు. కొడుకు ఫోనుకి ఇక్కడి నంబరు లేదు. ఆవిడ చేతిలో ఉన్నది ఆ టికెట్టొక్కటే. ఎవరూ రాకపోతే ఊళ్లో పోలీసుస్టేషనుకు పంపించేస్తామన్నారు.

"ఎవరది?" అన్నాడు ఇగుచి.

"నిన్న వచ్చిన మామ్మగారండీ. తప్పిపోయారట."

"అంటే మళ్లీ మీ నంబరే ఇచ్చారన్నమాట."

"అవునండీ. నేను వెళ్లాలి."

ఇగుచి వరసలో నిలబడ్డవాళ్ల వంక చూసి గొంతు తగ్గించాడు. "ఇప్పుడు వెళ్తే మటుకు, హత్తాగారూ, రేపట్నుంచి మీ డ్యూటీ సంగతి నేను ఆలోచించుకోవాల్సొస్తుంది."

అక్కడ మేనేజరు ఆలోచించుకోవాలన్నాడంటే ఆలోచన ముగిసిందనే అర్థం. అయినా కినుయో ఏప్రన్ విప్పి, మడత పెట్టి గల్లా పక్కన ఉంచింది. వరసలో ఉన్నవాళ్లకి క్షమాపణ చెప్పి స్టేషను వైపు నడిచింది.

ఇన్నేళ్లుగా ఇంత దగ్గర్లోనే ఉంటున్నా ఆ పార్కు గేటును చూడటం ఆమెకు అదే మొదలు. గేటు పక్క ఆఫీసులో, బెంచీ మీద సుమియాతి నిటారుగా కూర్చుని ఉంది, చేతిసంచీని పొట్టకు అదుముకుని. కినుయోని చూడగానే ఏడుస్తుందనుకుంటే ఏడవలేదు. చెయ్యి చాచింది. కినుయో ఈసారి తడబడకుండా అందుకుని పక్కన కూర్చుంది.

నాగసే అనే ఉద్యోగిని కంప్యూటరు చూసి మొహం చిట్లించింది. టికెట్లు కొని ఎక్కువకు అమ్ముకునేవాళ్ల బెడద ఉన్న రోజులవి. ఈ ఒక్క నంబరు మీద రకరకాల పేర్లతో బోలెడు టికెట్లున్నాయంది. ఆ అమ్మాయి మాటల్లో కరుకుదనం లేదు, అనుమానం మాత్రం ఉంది.

"ఆ నంబరు పొరపాటున పడిందంటే చెప్పెయ్యండి, తీసేస్తాను. మీకు ఏ గొడవా ఉండదు. కానీ అప్పుడీ మామ్మగార్ని మీ దగ్గర ఉంచడం కుదరదండీ. పోలీసులకి అప్పగించాలి."

పొరపాటయింది, క్షమించండి. ఆ మాటలతోనే కినుయో జీవితమంతా గట్టెక్కింది. ఇప్పుడూ నాలుక చివరిదాకా వచ్చాయి. పక్కన సుమియాతికి ఒక్క ముక్కా అర్థం కాలేదు గానీ, పట్టుకున్న చెయ్యి వదల్లేదు.

"పొరపాటు కాదమ్మా. నేనే కొట్టాను."

"ఇంతకీ ఈవిడ మీకేమవుతారు?"

"మా మనిషే."

"మరి ఈ మిగతావాళ్లు? ఇన్ని దేశాలవాళ్లున్నారు కదండీ."

"అందరూ మావాళ్లే," అంది కినుయో. అన్నాక తనకే భయం వేసింది గానీ వెనక్కి తీసుకోలేదు.

నాగసే కొడుకూ కోడలూ పిల్లల ఆనవాళ్లు ఆమెను అడిగి రాసుకుంది. లోపలి గేట్లన్నిటికీ కబురు చేసింది. చాలాసేపటికి కొడుకు చెమటలు కక్కుకుంటూ పరుగెత్తుకొచ్చాడు, వెనకాల పిల్లలు. తల్లి వాణ్ని ముందు చెడామడా తిట్టి, తర్వాత కావిలించుకుని ఏడ్చింది. కొడుకు కినుయోని గుర్తుపట్టి, మళ్లీ మళ్లీ తల వంచాడు.

వాళ్లు లోపలికి వెళ్లాక కినుయో సంచీ సర్దుకుని లేచింది. నాగసే కంప్యూటరు మీద నుంచి తలెత్తింది.

"ఈ నంబరు ఇలాగే ఉంచమంటారా? ఇకముందు ఏదైనా ఉంటే దీనికే చెయ్యమా?"

"చెయ్యండి," అంది కినుయో. "ఎప్పుడు చేసినా తీస్తాను. రేపట్నుంచి ఇంట్లోనే ఉంటాను."