ఓడినవాళ్ళ మేస్టారు

మా అపార్టుమెంటు వెనక స్కూల్లో ఈల మోగితే చాలు, చేతిలో టీ కప్పుతోనే నిటారుగా నిలబడిపోతాను. విశాఖపట్నం వచ్చి ఇన్నేళ్ళయినా ఈ అలవాటు పోలేదు. ఇదంతా చోడవరంలో మాకు ఆటలు నేర్పిన నాయుడు మేస్టారి చలవ. బానపొట్టతో గ్రౌండంతా ఆయాసపడుతూ పరిగెత్తేవారు. తిట్లు మాత్రం ఆయాసం లేకుండానే తిట్టేవారు. ఆడపిల్లలకు కబడ్డీ ఏమిటని మా అమ్మ మొండికేస్తే, ఇంటికొచ్చి మంచినీళ్ళడిగి, ఆవిడ ఒప్పుకునేదాకా వాకిట్లోంచి కదల్లేదు. ఆయన కూతురు గౌరి, నేను ఒకే జట్టు.

రావికమతం జట్టు మీద గెలిచిన రోజున ఆయన నిమ్మసోడాలు తెప్పించి ముందు అవతలివాళ్ళకిచ్చారు. గౌరి మూతి ముడిచింది.

"ఏటి నాన్నా, గెలిసింది మేవు కదా!"

"మీకు గెలుపుంది కదే గుంటా. ఆల్లకేటుంది? సోడా అయినా తాగనీ."

మా వంతు వచ్చేసరికి సోడాలో చల్లదనం పోయింది. ఆయన మీద నాకూ కోపమొచ్చింది. అయినా ఆట అయ్యాక ఓడినవాళ్ళ ముఖం వైపు చూడటం నాకు ఆ రోజునుంచే అలవాటైంది.

తర్వాత గౌరి చదువుకోసం ఒక పెద్ద నగరానికి వెళ్ళింది. అక్కడ మార్కెట్లో బాంబు పేలినప్పుడు పోయినవాళ్ళలో గౌరి ఉంది. ఏళ్ళు గడిచాయి. వీడియో గేములు తయారుచేసే కంపెనీలో నాకు ఉద్యోగం దొరికింది. ఆ పేలుడునే గేముగా చేద్దామని మావాళ్ళు నిర్ణయించారు. జనం మరిచిపోకుండా ఉంటారన్నారు, నేనూ నమ్మాను. విడుదలకు ముందు మేస్టారికి చెప్పాలనిపించి, గేమును ఫోనులో వేసుకుని చోడవరం వెళ్ళాను.

అరుగు మీద కూర్చుని శ్రద్ధగా విన్నారు. వీధిలో చెరకు లారీలు గోవాడ పంచదార ఫ్యాక్టరీ వైపు వెళ్తున్నాయి.

"దీన్లో గెలవడమంటే ఏటమ్మా?"

"టైము అయిపోయేలోగా బాంబు కనిపెట్టి ఆపాలి మేస్టారూ."

ఫోను తీసుకున్నారు. బాంబు కోసం మాత్రం వెతకలేదు. గేములోని గాజుల కొట్టు దగ్గర ఆడపిల్లల ముఖాలు చూస్తూ తిరిగారు. నిజమైన మనుషులెవరినీ పెట్టలేదని నేను చెప్పినా వినిపించుకోలేదు. పేలుడు మోగగానే ఉలిక్కిపడి ఫోను నా చేతిలో పెట్టేశారు.

"ఆపొచ్చని సూపిస్తన్నారు. అంటే గెలవొచ్చన్నమాట. మరి ఆ రోజు ఓడిపోయిందెవరమ్మా? మా గుంటా? ఆల్లమ్మకి గాజులు తెమ్మని పంపిన నేనా?"

గౌరిని మార్కెట్టుకు వెళ్ళమన్నది ఆయనేనని నాకు అప్పటిదాకా తెలియదు.

"ఇది ఆటే కదా మేస్టారూ," అన్నాను.

ఆయన లేచి లోపలికెళ్ళి మజ్జిగ తెచ్చిచ్చారు. ఇంక ఆ మాట ఎత్తలేదు. "బస్సు తప్పిపోద్ది, ఎల్లమ్మా," అన్నారు.

గేము విడుదలైంది, బాగానే అమ్ముడుపోయింది. ఆపమని నేను గట్టిగా అడగలేదు. కొన్నాళ్ళకు ఆ ఉద్యోగం మానేశాను గానీ, అదేం గొప్పగా చెప్పుకునే పని కాదు. మేస్టారు పోయారని తెలిసినప్పుడు చాలా ఏడ్చాను. ఇప్పుడు పిల్లలకు లెక్కలు నేర్పే గేములు చేస్తున్నాను. గెలుపంటే ఏమిటో రాయాల్సిన చోట చెయ్యి ఆగిపోతుంది, ఆయన ప్రశ్న వినిపిస్తుంది. జవాబు చెప్పలేనంత కష్టమైన ప్రశ్న కూడా కాదది. ఎవరూ ఓడిపోలేదు మేస్టారూ, గౌరిని చంపేశారు. ఈ ఒక్కమాట అనుంటే, ఆయన మజ్జిగ కోసం లేవకుండా ఇంకాసేపు నా పక్కనే కూర్చునేవారు.