దగ్గరికొస్తే చిన్నవాడైపోయిన మనిషి

ఆ రోజుల్లో, అంటే రెండువేల ఐదు ప్రాంతంలో, బొమ్మలు గీయడం వచ్చినవాళ్లకు లోకంలో మిగతావన్నీ వాటంతట అవే వచ్చేస్తాయని నా గట్టి నమ్మకం. హైదరాబాదులో ఆర్ట్ కాలేజీ చదువు ముగించుకుని సూర్యాపేటకు తిరిగొస్తూ, అక్కడి లైబ్రరీ పుస్తకంలో చూసిన నూరేళ్లనాటి విదేశీ కుర్చీలను తలనిండా మోసుకొచ్చాను. పూలు లేవు, లతలు లేవు. మనిషంత ఎత్తు వీపులు, నిలువు పట్టీలు, అంతే. కోదాడలో కొత్తగా ఫొటో స్టూడియో పెట్టినాయన ఆరు కుర్చీలు, ఒక పొడవాటి బల్ల కావాలనగానే వెళ్లి వడ్రంగి నెమళ్ల తాతను పట్టుకున్నాను. (మా పేటలో ఏ తలుపు మీద నెమలి కనబడినా అది ఆయన చెక్కిందే, అందుకే ఆ పేరు.) తాత నా బొమ్మను అటూ ఇటూ తిప్పి, "గీడ ఒక్క నెమలన్న పెట్టనియ్యి బిడ్డా, బోడిగున్నయి" అన్నాడు. నేను పెద్ద కళాకారిణినైపోయి, "నీ తెలివి వాడకు తాతా, గీసింది గీసినట్టు చెయ్యి" అన్నాను.

చేశాడు. సామాను నేను చూడకముందే లారీలో పోయింది. మర్నాడు మధ్యాహ్నం మేమిద్దరం బస్సు దిగి స్టూడియోకు వెళ్లాం. లోపల నల్లతెరలు, ఒకటే బల్బు. తలుపు తీయగానే ఆ చిన్న గది ఎంతో దూరం సాగిపోయినట్టు, నన్ను లోపలికి లాగుతున్నట్టు అనిపించింది. బల్లకు రెండువైపులా ఎత్తయిన కుర్చీలు, ఊపిరి బిగబట్టి నిలుచున్న మనుషుల్లా. చిట్టచివర స్టూడియో ఆయన, రాక్షసుడంత. "రండి రండి" అంటూ మావైపు నడిచాడు. దగ్గరికి వస్తున్నకొద్దీ మనిషి చిన్నవాడైపోతున్నాడు! "గిదేంది బిడ్డా..." అంటూ తాత నా భుజం గట్టిగా పట్టుకున్నాడు.

"మా ఆవిడ ఈ గదిలోకి రానంటోందండీ. ఎవరు చేశారిది?" అన్నాడాయన, మామూలు మనిషై మా ముందు నిలబడి.

"కొలతలు తాతవే" అన్నాను. (అంత త్వరగా నోట్లోంచి ఎలా వచ్చిందో!)

తాత జేబులోంచి నా కాగితం తీసి బల్లమీద పరిచాడు. "దగ్గరి కుర్చీ పెద్దగున్నది, అవతలివి చిన్నగయ్యుకుంట పోయినయి. స్కేలు పెట్టి కొలిసిన. నూలంత తప్పలే."

దూరానివి చిన్నగా కనబడాలని కాలేజీలో నేర్పినట్టే గీశాను. కొలతలు మాత్రం ఒక్కటీ రాయలేదు. చివరి బుడ్డ కుర్చీల పక్కన నిలబడ్డందుకే ఆయన రాక్షసుడంత కనబడ్డాడు. పాలిపోయిన నా మొహం చూసి తాత కాగితం మడిచేశాడు. "నేనే తప్పు సదివిన సారూ. మల్ల చేసిస్త."

మర్నాడు తన షెడ్డులో నిలువెత్తు ప్లైవుడ్ షీటు నా ముందు పరిచి, సుద్దముక్క చేతిలో పెట్టి, "మనిషి కూసునే కుర్చీని కుర్చీ అంతనే గియ్యాలె" అన్నాడు. అలాగే గీశాను, ఆయన అలాగే చేశాడు. తప్పు నాదని ఒప్పుకోవడానికి మాత్రం నాకు ఆరునెలలు పట్టింది. "నాకెర్కనే" అని తాత మళ్లీ చెక్కకు చిత్రిక పట్టసాగాడు.

ఇప్పటికీ నా వృత్తి కుర్చీలు గీయడమే. ఆనాటి పిల్ల ఎదురైతే నాలుగు చీవాట్లు పెట్టాలని ఉంటుంది. కానీ, గడ్డం పైకెత్తి అబద్ధమాడిన ఆ మొహం తలపుకొస్తే, ఏం చేయను, నవ్వొస్తుంది.