నేల తగలని మొక్కుబడి

హన్నమ్మ మొండిదని ఆకివీడు చుట్టుపక్కల ఆమెను కూలికి పిలిచే రైతులందరికీ తెలుసు. ఆ మొండితనం దేవుడి దగ్గర కూడా దాచుకోలేదు. ఎనిమిదేళ్ళ కూతురు రత్నకుమారి విషజ్వరంతో ఇరవై రోజులు కళ్ళు తెరవలేదు. అంతకుముందే ఇద్దరు బిడ్డల్ని మట్టికిచ్చిన తల్లి. పిల్ల లేచి తిరిగితే ఏడాదిపాటు తీసిన పిడికెడు బియ్యం నెత్తిన పెట్టుకుని, ఏలూరు గుడిదాకా నడిచి, కోతపండగనాడు బలిపీఠం ముందు పెడతానని మొక్కుకుంది. ఎసట్లో పోసేముందు దేవుడి పేర పిడికెడు తీసి వేరే కుండలో వేయడం వాళ్ళ క్రైస్తవుల్లో ప్రతి ఇల్లాలూ చేసేదే. దారిలో కుండ నేల తగలకూడదన్న షరతు మాత్రం ఎవరూ పెట్టలేదు. అది హన్నమ్మ తనంత తాను తగిలించుకున్నది.

పిల్ల లేచింది, ఏడాదికి కుండా నిండింది. పంతొమ్మిది వందల ముప్ఫయ్యారు నవంబరులో తల్లీకూతుళ్ళిద్దరూ బయల్దేరిన పూటే ముసురు పట్టింది. రాత్రంతా హన్నమ్మ కుండను ఒళ్ళో పెట్టుకునే కూర్చుంది. మర్నాటికి గాలివాన అయింది. ఏలూరు ఇంకో కోసెడు దూరం ఉందనగా తమ్మిలేరు చప్టా మీద నడుంలోతు నీళ్ళు పారుతున్నాయి. వీర్రాజు అనే రైతు ఈ ఒడ్డుకీ ఆ ఒడ్డుకీ మోకు కట్టి జనాన్ని దాటిస్తున్నాడు.

"ఏవమ్మా, ఆ కుండ ఇక్కడ దించు. రెండు చేతులూ కావాలి," అన్నాడు.

"కింద పెట్టకూడదండి. మొక్కండి."

"పోనీ నా చేతికియ్యి."

"ఇంకొకరి చెయ్యి పడకూడదండి."

ఈ రెండో షరతు అప్పటికప్పుడు పుట్టిందేమో చెప్పలేం. వీర్రాజు తల కొట్టుకుని దారిచ్చాడు.

ఒక చేత్తో కుండ, ఒక చేత్తో మోకు పట్టుకుని హన్నమ్మ నీళ్ళలోకి దిగింది. పిల్ల మోకు పట్టుకుని వెనకే నడిచింది. నడిమధ్యలో వరద విసురుకు పిల్ల పట్టు జారింది. మోకు వదిలితే ఇద్దరూ పోతారు. కుండ వదిలితే మొక్కు పోతుంది. మొక్కు పోతే దేవుడు పిల్లను తీసుకుంటాడని ఆమె గట్టి నమ్మకం. ఆలోచించే వ్యవధి లేదు. కుండ వదిలి పిల్ల జుట్టు పట్టుకుంది.

ఒడ్డెక్కాక అందరూ గండం గడిచిందన్నారు. హన్నమ్మకు అసలు భయం అప్పుడే మొదలైంది. పిల్లను భుజానికెత్తుకుని, వానలో నడక సాగించింది.

"దించమ్మా, నడుస్తాను," అంది రత్నకుమారి కాసేపటికి.

"దించను."

"కుండ నీళ్ళల్లో పోయింది గానీ నేల తగల్లేదు గదమ్మా."

నడుం విరిగిపోతున్నా హన్నమ్మ పిల్లను రెండో భుజానికి మార్చుకుంది.

గుడి వాకిట్లో పాదిరి అహరోను అయ్యగారు ఎదురొచ్చారు.

"పిల్ల కాలికి దెబ్బ తగిలిందా అమ్మా?"

"లేదండి."

"మరి దించరాదూ?"

"ఇక్కడ కాదండి."

తడిబట్టలతోనే లోపలికి నడిచింది. బలిపీఠం ముందు వరికంకులు, గుమ్మడికాయలు, కాళ్ళు కట్టేసిన కోళ్ళు ఉన్నాయి. వాటి మధ్య కాస్త చోటు చేసి పిల్లను దించింది.

"బియ్యం ఏట్లో పోయాయి ప్రభువా. దీన్ని తెచ్చాను. ఏట్లోంచి ఎత్తుకున్నాక నేల తగల్లేదు," అని చెప్పి, వెనక్కి జరిగి చేతులు కట్టుకుంది.

"ఇంటికి తీసుకెళ్ళమ్మా," అని అయ్యగారు రెండుసార్లు చెప్పేదాకా పిల్లను తాకలేదు.