కోపం పోయిన మనిషి

హెలికాప్టర్ మమ్మల్ని దింపలేదు, దాదాపు తోసేసింది. అంత ఎత్తులో అది నేల మీద వాలదు. మంచుకు మూరెడు పైన ఊగుతూ నిలబడుతుంది, మనమే మూటతో సహా దూకాలి. దూకి లేచేసరికి అది వెళ్లిపోయింది. ఉదయం ఏడున్నర. ఎండ ఉంది, గాలి లేదు, చలి సున్నాకు ఇరవై డిగ్రీలు కింద. నాలుగడుగులు వేసి మోకాళ్ల మీద కూలబడ్డాను. ఎంత పీల్చినా ఊపిరి చాలలేదు.

ఎనభైల నడిమి మాట ఇది. పోస్టు పేరు చెప్పను. చెప్పవద్దని అప్పుడు ఆర్డర్, ఇప్పుడు చెప్పినా మీకు ఒరిగేదేమీ లేదు. వరంగల్ ఎండలకు మాడినవాళ్లకు ఆ చోటు ఎట్లా ఉంటుందో చెప్పడం నాకు ఇప్పటికీ చేతకాదు. చెట్టు లేదు. పిట్ట లేదు. కంటికి ఆనడానికి పిడికెడు మట్టి లేదు. ఒక గుడిసె, దాని చుట్టూ మంచు నింపిన సంచుల గోడ, లోపల కిరోసిన్ పొగ. ఉమ్మితే నల్లగా పడేది.

మా పోస్టుకు పెద్ద సుబేదార్ సాబ్. ఉత్తరాది కొండల్లో పుట్టినవాడు, మాటలు తక్కువ. వైర్‌లెస్ ఆపరేటర్‌ది రాయపర్తి. మాది తొర్రూరు పక్కన పల్లె. ఇద్దరిదీ ఒకటే బస్సు దారి. పోస్టులో తెలుగువాళ్లం మేమిద్దరమే. నన్ను చూడగానే అతను చేతులు పట్టుకున్నాడు.

"అన్నా, మన దిక్కు మనిషిని జూసి ఎన్ని దినాలైందో! జర మాట్లాడే. ఏదన్న మాట్లాడు."

ఊపిరే అందని వాడికి మాటలు ఎక్కడివి?

అప్పట్లో నాకు ముక్కు మీద కోపం. పప్పులో ఉప్పు తక్కువైతే కంచం గోడకు తగిలేది. పొలం గట్టు దగ్గర మా అన్నతో మాటా మాటా పెరిగితే నలుగురు పట్టుకున్నా ఆగేవాణ్ణి కాదు. పటాలం నన్ను మారుస్తుందని మా అవ్వ ఆశపడింది. పటాలంలో మొదటి ఏళ్లలో కోపం ఇంకా ముదిరింది.

పోస్టుకు వచ్చిన వారంలోనే వంటవాడి మీద పడ్డాను. చాయ్ కిరోసిన్ కంపు కొడుతోందని గొంతు చించుకుని అరిచాను. అరుపు మధ్యలోనే కళ్లు చీకట్లు కమ్మి కింద పడ్డాను. పెదవులు నీలమయ్యాయట. సుబేదార్ సాబ్ నా ముఖానికి ఆక్సిజన్ పెట్టి, తేరుకున్నాక హిందీలో నెమ్మదిగా చెప్పాడు.

"ఇక్కడ కోపం తెచ్చుకోవడానికి గాలి లేదు. ఇప్పుడు నీ కోపం తాగేసిన గాలి రేపు ఇంకొకడి ప్రాణం."

ఆ రోజు నుంచి నన్ను మంచు కరిగించే పనిలో పెట్టాడు. వినడానికి తేలిక. గిన్నె నిండా మంచు వేసి స్టవ్ మీద పెడితే అడుగు మాడుతుంది, ఆ రోజంతా అందరూ మాడు నీళ్లు తాగాలి. ముందు గిన్నెలో కొంచెం నీళ్లు ఉంచాలి. అవి వేడెక్కాక పిడికెడు మంచు. అది కరిగాక ఇంకో పిడికెడు. తొందర పనికిరాదు. "కోపం వస్తే స్టవ్ దగ్గర కూర్చో. గిన్నె నిండేదాకా లేవకు." అదే ఆర్డర్.

కూర్చున్నాను. మొదట్లో పళ్లు కొరుక్కుంటూ కూర్చున్నాను. తరువాత ఉత్తగా కూర్చున్నాను. ఒకరోజు వంటవాడు నా పొడి సాక్సుల మీద చారు ఒలకబోశాడు. అక్కడ తడి సాక్సు అంటే కాలివేళ్లు పోయినట్టే. కోపం వచ్చింది. గడప దాకా వచ్చి, లోపలికి చూసి, వెళ్లిపోయింది. నాకు నవ్వొచ్చింది. పుట్టి బుద్ధెరిగాక అంత హాయి ఎన్నడూ ఎరగను. అది నిజమైన శాంతే. ఇప్పుడు మనశ్శాంతి గురించి మైకుల్లో చెప్పేవాళ్లు చెప్పేది అదేనేమో. అది అక్కడితో ఆగి ఉంటే నేనూ ఒక మైకు పట్టుకునేవాణ్ణి.

"ఏమే అన్నా, సన్నాసులల్ల గలుస్తవా ఏంది?" అని ఆపరేటర్ ఎగతాళి చేసేవాడు. "వదినెకు జెప్పాలె. మొగడు మల్లొస్తడో రాడో అని ఫికర్ వెట్టుకుంటది."

ఒకసారి మంచు తుఫాను మూడు రోజులు కొట్టి ఆగింది. నాలుగో రోజు పొద్దున సామాను పారాచూట్ల మీద పడింది. ఒక కిరోసిన్ డబ్బా ఎర్రజెండాలకు అవతల పడింది. జెండాల లోపల నడిస్తేనే క్షేమం. అవతల మంచు పైకి గట్టిగా కనిపిస్తుంది, కింద పగుళ్లు ఉంటాయి. ఒకరికొకరం తాడుతో కట్టుకుని వెళ్లాం. తాడు డబ్బా దాకా చాలలేదు.

"గీ రెండడుగులకు తాడెందుకే," అని ఆపరేటర్ కొక్కెం విప్పుకున్నాడు.

వద్దనే లోపే దిగబడిపోయాడు. చప్పుడు కూడా రాలేదు. మంచులో మనిషి పట్టేంత బొక్క మిగిలింది. అందులోంచి అతని గొంతు వచ్చింది.

తాడు దింపాం. అందింది, కానీ అతని వేళ్లు ముడుచుకోవడం లేదు. పగులు ఇరుకు. ఛాతీ దగ్గర మంచు గోడల మధ్య బిగుసుకుపోయాడు. మాతో ఉన్న హవల్దార్ తాడు కట్టుకుని దిగాడు, నడుము దాకా వెళ్లి ఇరుక్కున్నాడు. అతన్ని లాగడానికే మా ప్రాణాలు పోయాయి. సుబేదార్ సాబ్ రేడియోలో కింది బేస్ క్యాంపును సాయం అడిగాడు. అక్కణ్ణుంచి జవాబు వచ్చింది.

"మేఘం కమ్మింది. హెలికాప్టర్ రాదు. వేచి ఉండండి. ఓవర్."

ఆయన నన్ను పగులు అంచున పడుకోబెట్టి కాళ్లు పట్టుకున్నాడు. "నీ భాషలో మాట్లాడు. గొంతు వణకనివ్వకు. నువ్వు వణికితే అతను భయపడతాడు. భయపడితే ఊపిరి తొందరగా అయిపోతుంది."

"అన్నా, పైన్నే ఉన్నవా?"

"ఈడనే ఉన్న తమ్మీ. యాడికి వోత?"

"ఇప్పుడు సలి వెడ్తలేదే."

చలి తెలియకపోతే ఏమిటో మాకు తెలుసు. మధ్యాహ్నం అయింది. చెప్పుకునే మాటలన్నీ అయిపోయాయి. చివరికి అన్నాను, "తమ్మీ, హన్మకొండల బస్సెక్కినం అనుకో. ఇంటికి వోదాం."

"పోదాం పా."

కండక్టర్ లెక్క ఒక్కొక్క ఊరు పిలిచాను. వరంగల్. మామునూరు. పున్నేలు.

"పున్నేలు కాడ మస్తు మంది ఎక్కుతరే," అన్నాడు అతను. "వర్ధన్నపేట్ల చాయ్ తాగుదాం."

"తాగుదాం. వర్ధన్నపేట వచ్చింది, దిగు. చాయ్ తాగినం, మల్ల ఎక్కినం." నెమ్మదిగా, పిడికెడు పిడికెడుగా చెప్పాను. "రాయపర్తి వచ్చింది తమ్మీ. దిగు."

అదే గొంతుతో మళ్లీ అన్నాను. "రాయపర్తి, రాయపర్తి. దిగు తమ్మీ." చాలాసేపు అన్నాను.

సుబేదార్ సాబ్ నన్ను వెనక్కి లాగి భుజం తట్టాడు. "శాబాష్. ఒక్కసారి కూడా నీ గొంతు వణకలేదు." కొందరికి పతకాలు వచ్చాయి. నాకు వచ్చింది ఆ శాబాష్. శవాన్ని తీయలేకపోయాం. ఆ సాయంత్రం స్టవ్ దగ్గర కూర్చుని అందరికీ నీళ్లు కరిగించాను. ఏడుపు కోసం ఎదురుచూశాను. తరువాత వస్తుందిలే అనుకున్నాను.

పోస్టు నుంచి దిగాను. సర్వీసు ముగిసింది. కాజీపేటలో రైలు దిగి ఇల్లు చేరాను. మా అన్న అప్పటికే గట్టును నా వైపుకు జరిపి దున్నుకున్నాడు. చూసి, "ఉండనీ" అన్నాను. ఊరంతా ముక్కున వేలేసుకుంది. "పటాలం పోయి మనిషైండు," అన్నారు. కొట్లాడుకున్నవాళ్లను నా ముందు కూర్చోబెట్టి, "ఈయన లెక్క నిమ్మలంగ ఉండుండ్రి," అని బుద్ధి చెప్పేవారు. నేను తల ఊపేవాణ్ణి. మా అవ్వ చనిపోయింది. కుండ పట్టుకుని ముందు నడిచాను, చేయాల్సినవన్నీ వరుసగా చేశాను. కన్ను తడవలేదు. ఎంత నిబ్బరమో అన్నారు. నిబ్బరం కాదు. లోపల ఎవరూ లేరు.

మెచ్చుకోనిది నా భార్య కొమురమ్మ ఒక్కతే. ఆపరేటర్ సంగతి ఆమెకు చెప్పాను, రేడియోలో వార్తలు చదివినట్టు చెప్పాను. ఆమె ఏడ్చింది. నన్ను చూసి ఏడుపు ఆపింది. కొన్నాళ్లకు పప్పులో ఉప్పు వేయడం మానేసింది. వారం పాటు తిన్నాను.

"ఉప్పు లేదని అంటలేవేందయ్యా?"

"పర్వాలేదు."

"పర్వాలేదా? కంచం ఇసిరిగొట్టు! నన్ను తిట్టు!" అని గోడకు ఆనుకుని కూలబడింది. అప్పుడు చెప్పింది. నేను మంచులో ఉన్నప్పుడు మేడారం జాతరకు వెళ్లి మొక్కుకుందట. మేడారంలో బెల్లాన్ని బంగారం అంటారు. "మా ఆయన కోపం నువ్వు తీసుకో తల్లీ, నిలువెత్తు బంగారం ఇస్త అని నేనే మొక్కిన. కోపం ఒక్కటే తీసుకుంటదనుకున్న. అమ్మ అంత తీసుకపాయె."

మొక్కును వెనక్కి అడగడం ఎక్కడా లేదు. కొమురమ్మ అడిగింది. తరువాతి జాతరలో మళ్లీ బంగారం నెత్తిన పెట్టుకుని జనంలో నలిగి అమ్మవారి గద్దె దాకా వెళ్లింది. నేను వెనకే ఉన్నాను. "తల్లీ, సగమన్న ఇయ్యి," అంది. చుట్టూ అందరూ పూనకాలతో ఊగుతున్నారు. నేను నిటారుగా నిలబడి ఉన్నాను.

ఇంతదూరం విన్నవాళ్లు ఒకటే అడుగుతారు, ఆ పగులు కలలోకి వస్తుందా అని. రాదు. నన్ను వదలనిది వేరే ఉంది.

ఆ ఎండాకాలం మిరపకాయలు అమ్మడానికి ఇద్దరం వరంగల్‌లో ఎనుమాముల మార్కెట్ యార్డుకు వెళ్లాం. కుప్పలు ఎర్రగా కనుచూపు మేర. పొద్దెక్కాక గాలి లేచింది. నేను మా కుప్ప దగ్గర నిలబడి ఉన్నాను. కొమురమ్మ చెంబుతో నీళ్లు తెస్తూ నన్ను చూసి ఆగిపోయింది. చెంబు అక్కడే వదిలేసి పరుగెత్తుకొచ్చి నా చెంపలు రెండు చేతులా పట్టుకుంది. అవి తడిగా ఉన్నాయి.

"ఇచ్చింది, తల్లి ఇచ్చింది! ఏడువయ్యా. ఆ పిలగాని కోసం ఏడువు. అవ్వ కోసం ఏడువు. ఎవలేమనుకున్న మంచిదే, ఏడువు!"

పక్కన హమాలీ ఒకడు దగ్గి, తువ్వాలతో కళ్లు తుడుచుకున్నాడు. కొమురమ్మ అతని వైపు చూసింది. కాంటా వేసే మనిషిని చూసింది. చాయ్ అమ్మేవాణ్ణి చూసింది. యార్డులో అందరి కళ్లూ కారుతున్నాయి.

మళ్లీ నా వైపు తిరిగింది. చేతులు ఇంకా నా చెంపల మీదే ఉన్నాయి. ఏడుస్తున్నానని అబద్ధం చెబుతానేమో అని ఎదురుచూస్తున్న ముఖం అది.

"ఘాటు," అన్నాను. నా గొంతు వణకలేదు.