కడిగాకే ఏడుపు

ఆ ఇంద్రధనుస్సును చూసినప్పుడల్లా ఎర్మిత్ మొహం తిప్పుకునేది. ఆమె పనిచేసే వృద్ధాశ్రమం అద్దాల తలుపుకి డైరెక్టరమ్మ స్వయంగా అంటించిన కాగితం బొమ్మ అది. కింద రంగురంగుల అక్షరాల్లో "అంతా మంచే జరుగుతుంది" అని రాత. ఆ తలుపులోంచే శవాలు సంచుల్లో బయటికి పోతున్నాయి. ఛీ, బొమ్మ అంటించడానికైనా సిగ్గుండాలి.

కెనడాలో, మాంట్రియల్ ఉత్తరపు పేటలో హైతీ నుంచి వచ్చిన ఆడవాళ్ళు చాలామంది చేసే పని ఇదే. ఎవరి అమ్మనో నాన్ననో కడగడం, తినిపించడం, పక్క మార్చడం. ఆ వసంతంలో కరోనా వచ్చిపడ్డాక ఊరంతా సాయంత్రాలు బాల్కనీల్లోకొచ్చి గిన్నెలు మోగిస్తూ వీళ్ళని "మా కావలి దేవతలు" అని పొగిడేది. ఆ దేవతే పొద్దున బస్సెక్కి పక్కన కూర్చుంటే, పొగిడినవాళ్ళే లేచి వెనక సీటుకి పోయేవాళ్ళు. ఇక సర్కారు పంపిన మాస్కులు. దేవుడు వరమిచ్చినా పూజారి ఇవ్వడన్నట్టు, డైరెక్టరమ్మ వాటిని బీరువాలో పెట్టి తాళంచెవి మెళ్ళో వేసుకుంది, మనిషికొకటి లెక్కపెట్టి ఇచ్చేది.

పేటలోవాళ్ళు ఒకరికొకరు దిక్కయ్యారు. చర్చి మూతపడితే పాటలు ఫోన్లోకి వచ్చాయి. ఎండు కాకరాకు మరిగించి, డ్యూటీకి పోయేవాళ్ళ గుమ్మాల్లో ఫ్లాస్కులు పెట్టిపోయేవాళ్ళు. అది మందో కాదో ఎవరికి తెలుసు? గొంతు దిగని చేదు. కానీ మనకోసం ఎవరో పొయ్యి ముందు నిలబడ్డారు గదా అని ఎర్మిత్ ముక్కు మూసుకుని తాగేది.

"ఏంటా కంపు?" అంది ఒకరోజు డైరెక్టరమ్మ.

"కాకరాకు మేడమ్."

"దయచేసి ఇక్కడికి తేకండి. పెద్దవాళ్ళకి ఇబ్బంది."

పెద్దవాళ్ళు మధ్యాహ్నందాకా తడిసిన డైపర్లలో పడుంటే రాని కంపు, కాకరాకుకి వచ్చింది!

ఆ పెద్దవాళ్ళలో సంతనీజ్ ఒకరు. ఎర్మిత్ హైతీ నుంచి వచ్చిన కొత్తల్లో చెయ్యి పట్టుకుని పని నేర్పింది ఆవిడే. బతుకంతా ఆ ఆశ్రమంలోనే అందర్నీ కడిగి, మోకాళ్ళు పోయాక అక్కడే మంచమెక్కింది. "చూశావటే, మంచానికి ఈ పక్కనుంచి ఆ పక్కకి రావడానికి నాకు ఒక జన్మ పట్టింది" అని పకపకా నవ్వేది.

ఒక బుధవారం పొద్దున ఆవిడ కరోనాతో పోయింది. ఎర్మిత్ ఆవిడ కూతురు నాదెజ్‌కి ఫోన్ చేసి చెప్పింది. గంటలోనే నాదెజ్ తిరిగి ఫోన్ చేసింది.

"అమ్మకి నీళ్ళు పోశారా పిన్నీ?"

"ఇంకా లేదమ్మా."

"మరి నేనెలా ఏడవను? పేటలో అందరికీ తెలిసిపోయింది. అంతా నోళ్ళు బిగించుకుని కూర్చున్నారు."

శవాన్ని కడిగి మంచి బట్ట తొడిగేదాకా వాళ్ళలో ఎవరూ గొంతెత్తరు. కడిగాక మాత్రం ఇంటికప్పు ఎగిరిపోవాల్సిందే. అంతకుముందు ఇదే ఆశ్రమంలో వాళ్ళ పేటాయన ఒకాయన పోతే, ఉన్నవాణ్ణి ఉన్నట్టే సంచిలో వేశారు. ఆయన భార్య ఇప్పటికీ ఏడవలేదు. గోడవంక చూస్తూ కూర్చుంటుంది. నాదెజ్ కూడా అలా అయిపోతుందేమోనని ఎర్మిత్ భయపడింది.

డైరెక్టరమ్మ సంతనీజ్ గది గుమ్మం బయటే ఆగి నిట్టూర్చింది. "పాపం సంతనీజ్. మన ఆశ్రమానికి ప్రాణంలాంటి మనిషి."

చచ్చినవాడి కళ్ళు చారెడని! బతికుండగా ఆవిడ గంట నొక్కితే పలికిన పాపాన పోలేదు.

"ఎవరూ ముట్టుకోకండి. సంచీవాళ్ళు వస్తున్నారు."

"రాత్రినుంచి పక్క మార్చలేదు మేడమ్. ఈ మురికిలోనే పంపిస్తారా?"

"ఎర్మిత్, మీ ఆచారాలు మీ ఇంట్లో చూసుకోండి."

"కడుక్కోవడం మా ఆచారమా మేడమ్? మీకు లేదా?"

ఎర్మిత్ తలుపేసి కుర్చీ అడ్డం పెట్టింది. బేసిన్లో వేణ్ణీళ్ళు పట్టి, ఫ్లాస్కులో కాకరాకు నీళ్ళు అందులో వంచింది. సంతనీజ్ నేర్పినట్టే మొహం నుంచి పాదాలదాకా కడిగింది. వీపు కింద పుండ్లు చూసేసరికి ఒళ్ళు మండిపోయింది. ఛీ, ఏం మనుషులు వీళ్ళు! సొరుగులో ఉన్న ఆముదం తలకి రాసి దువ్వింది. చర్చికి వేసుకునే పసుప్పచ్చ గౌను తొడిగింది. బయట డైరెక్టరమ్మ తలుపు బాదుతూనే ఉంది గానీ కుర్చీని తోసుకుని లోపలికి రాలేదు. రోగమంటే భయం గదా.

తలుపు తీయగానే డైరెక్టరమ్మ నాలుగడుగులు వెనక్కి వేసింది. "రేపట్నుంచి మీరు రావద్దు. ఆ మాస్కు ఆశ్రమానిది, ఇచ్చి వెళ్ళండి."

ఎర్మిత్ బయటికి పోతూ మాస్కు విప్పి అద్దాల తలుపు మీది ఆ ఇంద్రధనుస్సుకి తగిలించింది. మెట్ల మీద నిలబడి ఫోన్ తీసి స్పీకర్ పెట్టింది.

"నీళ్ళు పోశాను తల్లీ. తల దువ్వాను. పసుప్పచ్చ గౌను తొడిగాను. ఇక ఏడువు."

ఫోన్లోంచి నాదెజ్ గొంతు లేచింది. వెనకాలే పక్కింటి గొంతు, పై అంతస్తు గొంతు, పేట పేటంతా.

తలుపు ఓరగా తెరిచి డైరెక్టరమ్మ తల బయటపెట్టింది. "ఎర్మిత్, కాస్త మెల్లగా! లోపలివాళ్ళు బెదిరిపోతారు."

ఎర్మిత్ ఆవిడ వైపు తిరిగి, మొహం మీదే నోరు తెరిచి, బావురుమని ఏడ్చింది.