కాకినాడలో నా వెన్ను విరిగిన పూట

పరువు సంపాదించడానికి ఏళ్లు పడుతుందంటారు. నాది కాకినాడలో ఒక బల్ల మీంచి దూకి వీధి గుమ్మం దాటేలోపే పోయింది. చెబుతాను. నవ్వే ముందు మాత్రం మీ నడుము ఓసారి తడుముకోండి.

ఇరవయ్యేళ్ల కిందటి మాట. నరసాపురంలో లేసులు ఎగుమతి చేసే ఆఫీసులో గుమాస్తాని. ఓరోజు కూలీలు రాలేదని లేసు దుప్పట్ల మూట నేనే ఎత్తబోయాను. మూట లేవలేదు. వంగిన నేనూ లేవలేదు. మూట ఎత్తనేల, నడుము పట్టనేల! పదిరోజులు కొడవలిలా వంగి తిరిగాను.

మా ఊరి డాక్టరుగారు ఎక్స్-రే చూసి, "ఎముకలు బాగానే ఉన్నాయండి. కాకినాడలో కైరోప్రాక్టర్ ఒకాయన ఉన్నారు. మందులివ్వరు. చేతులతోనే వెన్ను సరిచేస్తారు. చూపించుకోండి," అన్నారు.

మా ఆవిడ సత్యవతి నన్ను బస్సెక్కించింది. దారిలో ఎన్ని గోతులున్నాయో నా నడుము లెక్కపెట్టింది.

అక్కడ హాల్లో నలుగురు కూర్చున్నారు. చేతికర్ర పట్టుకున్న ఒక మామ్మగారు, "నేను కొత్త బాబూ, భయంగా ఉంది," అంది.

"మేమంతా లేమాండి? భయమెందుకు?" అన్నాను. ఈ మాట గుర్తుంచుకోకండి, దయచేసి.

లోపల ఆ డాక్టరుగారు ప్యాంటు విప్పించి, తువ్వాలు కట్టించి, నన్ను బల్ల మీద బోర్లా పడుకోబెట్టి, ముందు నా పాదాలు రెండూ జతచేసి చూశారు.

"నొప్పి నడుములోనండి," అన్నాను, ఆయన దారి తప్పారేమోనని.

"తెలుసండి. నడుము బిగిస్తే కాళ్లు హెచ్చుతగ్గులుగా కనబడతాయి. తిమ్మిర్లు ఏమైనా ఉన్నాయా?"

"లేవండి."

వీణ మెట్లు తడిమినట్టు ఒక్కో పూసా తడిమారు. ఒకచోట ఆగి, "ఇక్కడ కీలు కదలడం మానేసింది. చిన్నగా తోస్తాను. చప్పుడొస్తుంది, కంగారు పడకండి," అన్నారు.

ఆ చివరిమాట నేను వినలేదు. దిండులో మొహం దాచుకుని దేవుళ్లందరినీ వరసగా పిలుచుకుంటున్నాను.

నన్ను పక్కకి తిప్పారు. మోకాలు మడిచారు. ఊపిరి వదలమన్నారు. వదిలాను.

టక్!

ఎండిన కొబ్బరిమట్ట విరిగినట్టే.

"సత్యవతీ! వెన్ను విరిచేశారే!"

బల్ల మీంచి దూకి, కట్టుకున్న తువ్వాలుతోనే హాల్లోకి పరిగెత్తాను. "పారిపోండి! ఇక్కడ మనుషుల్ని విరిచేస్తున్నారు!"

నలుగురూ లేచారు. అడుగు తీసి అడుగు వెయ్యలేని మామ్మగారు కర్ర చంకలో పెట్టుకుని నాకన్నా ముందే గుమ్మం దాటేసింది.

వెనకనించి సత్యవతి కేక వినబడింది. "ఏవండీ! వెన్ను విరిగినవాళ్లు అలా పరిగెడతారేంటండీ?"

ఆగాను. చూసుకున్నాను. నిటారుగా ఉన్నాను.

నడుము నిటారుగా, తల మాత్రం వంచుకుని లోపలికి వెళ్లాను. డాక్టరుగారు చేతులు కట్టుకుని నిలబడి ఉన్నారు.

"మెటికలు విరుచుకుంటే వేళ్లు విరిగిపోతాయా అండి? ఇదీ అంతే. కీలులో గాలిబుడగ చప్పుడు. అయితే పూర్తిగా తగ్గిపోయిందనుకోకండి. ఇంకో మూడుసార్లు రావాలి. రోజూ వ్యాయామం చెయ్యాలి. మూటలెత్తితే మోకాళ్లు వంచి ఎత్తాలి. అన్నిటికన్నా ముందు ఒక పనుంది."

"ఏం చెయ్యమన్నా చేస్తానండి."

"మీరు తరిమేసిన నా పేషెంట్లని పట్టుకురండి."

వీధిలో పడ్డాను, తువ్వాలుతోనే. ముగ్గురు సోడాకొట్టు దగ్గర దొరికారు. మామ్మగారు మాత్రం కర్ర ఎత్తింది. "విరిగిందన్నది నువ్వే కదయ్యా?"

"విరిగింది వెన్ను కాదండి, నా పరువు."

"దానికీ ఆయన దగ్గర వైద్యముందా?" అంటూ నా భుజం పట్టుకుని నడిచింది.

నెల తిరిగేసరికి నా నొప్పి పోయింది. నూట ఎనిమిది ఎముకలో, రెండొందల చిల్లరో, ఎన్నుంటే అన్నిటి సాక్షిగా అప్పుడే ఒట్టు పెట్టుకున్నాను: ఇకపై నా ఒంట్లో ఏది టక్కుమన్నా సరే, ముందు లేచి నాలుగడుగులు వేసి చూసుకుంటాను. నిజంగా విరిగిందని రూఢి అయ్యాకే అరుస్తాను. అదీ ప్యాంటు తొడుక్కున్నాకే.