కొసరుగా వచ్చిన బొమ్మల పుస్తకం

కర్నూలు మన రాజధానిగా ఉన్న ఆ రోజుల్లో, పిల్లల పుస్తకాన్ని పిల్లలు తప్ప తక్కిన అందరూ ఎంచేవాళ్లు. అట్ట గట్టిగా ఉందా, కాగితం మందంగా ఉందా, చివర నీతి ఉందా అని చూసేవాళ్లు. బొమ్మ ఉంటే దాన్ని క్షమించేవాళ్లు. ఈ మాట చెబితే ఇప్పటివాళ్లు నవ్వుతారు (నవ్వనివ్వండి, వాళ్లు కూడా పిల్లలను ఇంట్లో వదిలిపెట్టి పుస్తకాల అంగడికి పోతున్నారు). ఆ ఎంచేవాళ్లలో నేనూ ఒకణ్ణి కాబట్టి ఇంత ధైర్యంగా చెబుతున్నాను.

అప్పటికి నాకు మీసం కూడా సరిగ్గా దిగలేదు. ఆళ్లగడ్డలో ఒక చిన్న బడిలో ఒకటో తరగతికి తాత్కాలిక అయ్యవారిని. మా ఊరు జూపాడు బంగ్లాలో మా నాయన మాత్రం "మావోడు గవర్మెంటు అయివారు" అని వీధి వీధికీ చెప్పుకున్నాడు. (గవర్నమెంటుకు ఆ సంగతి తెలియదు.) ప్రతి పనికీ ఒక పద్ధతి ఉండాలని నా నమ్మకం. రోజూ డైరీ రాసేవాణ్ణి. రాయడానికేమీ లేని రోజు "విశేషములు లేవు" అని రాసి, కింద గీత గీసి, సంతకం పెట్టేవాణ్ణి. ఇంత పద్ధతిగల మనిషి గదిలో పిల్లలు మాత్రం నిలిచేవాళ్లు కాదు. వేరుశనగ పీకే కాలం వచ్చేసరికి తల్లుల కొంగులు పట్టుకొని అందరూ చేలకు వెళ్లిపోయారు. చేలో కనీసం కాయలైనా దొరుకుతాయి.

మా బడి కమిటీకి పెద్ద ఒక భూస్వామి. ఊరంతా ఆయనను ఎద్దుల పెద్దాయన అనేవాళ్లు. ఎద్దును కొనాలంటే బండి ఆత్మకూరు నుంచి కూడా మనుషులు వచ్చి ఆయనను పిలుచుకుపోయేవాళ్లు. ఎద్దు నోరు తెరిచి పళ్లు చూసి వయసు, వీపు నిమిరి వెంట్రుకల సుడులు చూసి జాతకం చెప్పేవాడు. ఒకరోజు ఆయన మా గది గుమ్మంలో నిలబడి నలువైపులా చూశాడు.

"ఏమప్పా అయివారూ, గోడలకు చదువు చెప్తాండావా?"

"శెనక్కాయల కాలం కదండీ..."

"గోడలు ఎదురు మాట్లాడవులే, నీకు సుఖంగానే ఉండాది. ఉగాది లోపల ఈ గది నిండా పిల్లోళ్లు కూచోవల్ల. లేదంటే పెట్టె సర్దుకో. ఖాళీ గదికి అయివారెందుకు?"

జూపాడు బంగ్లాలో మా నాయన ముఖం నా కళ్ల ముందు కనబడింది. ఆ సాయంత్రం రెండో తరగతి టీచరమ్మ ఒక ఉపాయం చెప్పింది. ఆమెది నంద్యాల, చర్చి పక్కన బడిలో చదివి అక్కడే పాఠాలు చెప్పి వచ్చిన మనిషి. "బొమ్మల పుస్తకాలు తెప్పియ్యండి. వాటి కోసమన్నా వస్తారు" అంది. పెద్దాయన వెంటనే ఒప్పుకున్నాడు. "సరే, నేనే వచ్చి ఎంచుతా. నేను ఎంచినదాంట్లో తప్పు పట్టినోడు ఇంతవరకు ల్యా" అన్నాడు. అది నిజమే, ఎద్దుల విషయంలో.

ఇద్దరు పిల్లలను కూడా తీసుకుపోదామని టీచరమ్మ అంటే, మా హెడ్మాస్టరు ఆమెను జాలిగా చూశాడు. పంచె మడత నలుగుతుందని ఎప్పుడూ నిలబడే ఉండే మనిషి ఆయన. మేము చాటుగా మడత అయ్యవారు అనుకునేవాళ్లం. "పోతాండేది పిల్లల పని మీదమ్మా. వాళ్లుంటే పని సాగుతుందా?" అన్నాడు. ఆ వాదం నాకు కూడా చాలా సబబుగా తోచింది. టీచరమ్మను పిల్లలను చూసుకోమని చెప్పి, బొమ్మల పుస్తకం మా జన్మలో చూడని ముగ్గురం చాగలమర్రి నుంచి వచ్చే బస్సెక్కి నంద్యాలకు పోయాం.

అంగడివాడు బక్కపలచని పట్నం మనిషి. పుస్తకాలు తెచ్చి మా ముందు పరిచాడు. పెద్దాయన మొదటి పుస్తకం తెరిస్తే ఎద్దు బొమ్మ వచ్చింది. చాలాసేపు చూశాడు.

"ఇది ఎన్ని పండ్లేసిందప్పా?"

"పుస్తకమా అన్నా?"

"పుస్తకానికి పండ్లుంటాయా! ఎద్దు."

"బొమ్మ కదన్నా... నోరు మూసుకొని ఉంది."

"అదే నేననేది. నోరు మూపించి అమ్మేటోడు ఏదో దాస్తాండాడని అర్థం."

ఆ పుస్తకం పక్కకు పోయింది. ఇంకొకదాంట్లో ఎద్దు నడుము మీద సుడి కనిపెట్టాడు. అది అచ్చులో పడిన మచ్చ అని అంగడివాడు మొత్తుకున్నాడు. "యాడ పడినా సుడి సుడే. ఇది ఇంట్లో కాలు పెడితే యజమాని మంచమెక్కుతాడు" అని పెద్దాయన దాన్ని దూరంగా తోశాడు. మడత అయ్యవారికి వేరే కొలతలున్నాయి. ఒక పుస్తకంలో కోతి నవ్వుతోందని, అది తరగతి గదిలో మంచి అలవాటు కాదని అన్నాడు. మరొకదాంట్లో పిల్లవాడు వానలో గంతులేస్తున్నాడని, జలుబును ప్రోత్సహించినట్టవుతుందని అన్నాడు. నేనూ ఊరకే కూచోలేదు. ప్రతి పుస్తకంలో పుటల సంఖ్యలు వరుసగా ఉన్నాయో లేదో సరిచూశాను. (ఉన్నాయి. ఆ రోజు నేను సాధించింది అదొక్కటే.) ఇన్ని జల్లెడలు దాటి చివరకు మిగిలినవి పండ్ల పుస్తకం, కూరగాయల పుస్తకం, పొద్దున లేచి ముఖం కడుక్కునే పుస్తకం, అలాంటివే ఇంకొన్ని. ఎవరూ కదలరు, ఎవరూ నవ్వరు. ముగ్గురికీ పరమ సంతోషం.

ఇక బేరం. ఎద్దుల సంతలో ధర నోటితో చెప్పరు. చేతుల మీద తువాలు కప్పి, కింద వేళ్లు పట్టుకొని చెప్పుకుంటారు, పక్కవాడికి తెలియకుండా. పెద్దాయనకు తెలిసిన బేరం అదొక్కటే. భుజం మీది తువాలు తీసి అంగడివాడి చేతి మీద కప్పి, లోపల వాడి వేళ్లు గట్టిగా పట్టుకున్నాడు.

"అన్నా, అన్నా! నా చెయ్యి ఏం చేస్తాండావు?"

"మాట్లాడొద్దు. వేలుతో చెప్పు."

పాపం, వాడు చెప్పడానికేముంది? నొప్పికి ఒక్కొక్క వేలే ముడుచుకున్నాడు. వేలు ముడిచిన కొద్దీ ధర దిగిందని పెద్దాయన లెక్క. "ఒప్పుకున్నాడు! మర్యాదస్తుడు" అని మా వైపు తిరిగి చెప్పాడు. చెయ్యి మాత్రం వదల్లేదు. "ఇంక కొసరేదీ?"

"పుస్తకాలకు కొసరుంటుందా అన్నా?"

"వంకాయలమ్మే ఆయమ్మ ఇస్తాది. నీకేం రోగం?"

అంగడివాడు రెండో చేత్తో బల్ల కింద తడిమి, అట్ట సగం చినిగి, వాన నీళ్లకు ఉబ్బిన పుస్తకమొకటి తీసి కట్ట మీద పడేశాడు. తన చెయ్యి తను తీసుకున్నాడు. ఆ పుస్తకాన్ని మాలో ఒక్కరూ తెరవలేదు. కొన్నదాన్ని ఎంచుతాం గానీ కొసరును ఎంచం. గుప్పెడు కొత్తిమీర కొసరు వేస్తే ఆకు ఆకూ తిప్పి చూస్తామా?

బడికి వచ్చాక మడత అయ్యవారు కొన్న పుస్తకాలన్నిటికీ ఖాకీ కాగితం అట్టలు వేయించి, అద్దాల బీరువాలో పెట్టి, తాళం వేసి, తాళంచెవి మొలతాడుకు కట్టుకున్నాడు. అద్దాల్లోంచి చూస్తే వరుసగా ఖాకీ వీపులు, పోలీసు కవాతులాగా. కొసరు పుస్తకానికి బిల్లు లేదు గనక బీరువాలో చోటు కూడా లేదు. అది కిటికీలో పడి ఉంది.

మడత అయ్యవారు రోజుకొక పుస్తకం నాకు ఇచ్చేవాడు. నేను దానికి "చిత్ర దర్శనం" అని పేరు పెట్టి పద్ధతి ఏర్పరచాను. చేతులు కడుక్కోవాలి. వరుసలో నిలబడాలి. చేతులు వెనక్కి కట్టుకోవాలి. పుస్తకం నా గుండెల మీద ఉంటుంది. "ఇది ఏమి?" అంటాను. "మామిడి" అంటారు. పుట తిప్పుతాను. వచ్చిన కొద్దిమంది పిల్లల్లో పెద్దాయన మనవరాలు ఉండేది. గుండ్రంగా, పొట్టిగా ఉంటుందని అందరూ బుడంకాయ అనేవాళ్లు. ఆ పిల్ల మూడో రోజే తీర్పు చెప్పేసింది.

"సార్, మామిడికాయ మా తోటలో ఉండాది. కోసి తింటాం. దాన్ని చూసేకి బడికి యాల రావల్ల?"

మర్నాడు బుడంకాయ కూడా చేలోకి పోయింది. టీచరమ్మ నా గదిలోకి తొంగి చూసి, "ఏం నాయనా, దొంగలను నిలబెట్టినట్ల నిలబెడితే యా పిల్లోడొస్తాడు?" అంది. నేను డైరీలో "పిల్లలకు చిత్రకళాభిరుచి తక్కువ" అని రాసుకున్నాను.

ఆ తర్వాత రెండు రోజులు ముసురు పట్టింది. చేలల్లో పని లేక నలుగురైదుగురు పిల్లలు బడిలోకి వచ్చి కూచున్నారు. బుడంకాయ కిటికీలో తడుస్తున్న కొసరు పుస్తకాన్ని లాగి నేల మీద పరిచి తెరిచింది. తెరిచీ తెరవగానే ఒక అరుపు. నేను బెత్తం తీసుకొని వెళ్లి చూద్దును గదా, బండి మీద ఎద్దు కూచొని ఉంది. తలపాగా చుట్టుకుంది, చేతిలో చెర్నాకోల. కాడి కింద మెలితిప్పిన మీసాల మనిషి కళ్లనీళ్లు కారుస్తూ, నాలుక వెళ్లబెట్టి బండి లాగుతున్నాడు. తర్వాతి పుటలో కోడి ఇద్దరు ఆడవాళ్లను గంపలో పెట్టుకొని అమ్ముతోంది. ఆ తర్వాత మేక కత్తి పట్టుకొని మంగలి తల గొరుగుతోంది. పుస్తకమంతా అంతే. నీతి మచ్చుకైనా లేదు.

పిల్లలు దాని మీద ఈగల్లా ముసిరారు. ఒకడు బోర్లా పడుకున్నాడు, ఒకతి తలకిందులుగా చూస్తోంది, ఎవరి చేతులూ కడిగినవి కావు. నేను "వరుస! వరుస!" అనబోతే టీచరమ్మ నా భుజం పట్టి ఆపింది. "నువ్వు కాసేపు కూచో నాయనా. పుస్తకం పని చేస్తాండాది" అంది. తను పిల్లల మధ్య చతికిలబడి, "ఈయప్ప ఎందుకు ఏడుస్తాండాడు?" అని మాత్రం అడిగి ఊరుకుంది. ఇక చూడాలి! దెబ్బ తగిలిందని ఒకడు, గడ్డి తినలేదని ఒకడు, పెండ్లాం గుర్తొచ్చిందని ఇంకొకడు.

మర్నాటికి అది ఆటయింది. సగం మంది ఎద్దులు, సగం మంది మనుషులు. ఎద్దులు వచ్చి మనుషులను బేరం చేయాలి. సంత మర్యాదలన్నీ బుడంకాయకు తెలుసు, తాత వెంట తిరిగిన పిల్ల. తువాలు కప్పి వేళ్లు పట్టేది, నోరు తెరిపించి పళ్లు చూసేది. నన్ను కూడా వదల్లేదు. నా నోట్లోకి తొంగి చూసి, "పాలపండ్లు. ఇది ఇంకా దున్నేకి రాదు" అని తోసేసింది. వారం తిరిగేసరికి గదిలో కాలు పెట్టే సందు లేదు. చంకలో తమ్ముళ్లను వేసుకొని అక్కలు వచ్చారు. చేలో కాయలు వొలిచేవాళ్లు లేరని తల్లులు వచ్చి నన్ను తిట్టిపోయారు. నా ఉద్యోగ జీవితంలో నాకు దక్కిన మొదటి ప్రశంస అదే.

ఆ కబురు విని ఎద్దుల పెద్దాయన వచ్చాడు. పక్కన మడత అయ్యవారు. గది నిండా పిల్లలను చూసి పెద్దాయన మీసం దువ్వాడు.

"చూస్తివా అయివారూ? నేను ఎంచిన పుస్తకాలప్పా! ఏదీ, పిల్లోళ్లు యా పుస్తకం మెచ్చినారో చూపించు."

నేను ముఖం కడుక్కునే పుస్తకం ఎక్కడుందా అని వెదుకుతుండగానే బుడంకాయ కొసరు పుస్తకం ఎత్తుకొని పరిగెత్తింది. "జేజినాయనా, జేజినాయనా! ఇందులో నువ్వుండావు!" అని కాడి కింది మనిషి మీద వేలు పెట్టింది. నిజం చెప్పాలంటే మీసం అచ్చం అదే. మడత అయ్యవారి ముఖం ఇస్త్రీ చెదిరిపోయింది. పెద్దాయన పుస్తకంలోకి చూశాడు. నా వైపు చూశాడు. మళ్లీ పుస్తకంలోకి చూశాడు. అంతటితో పోయేదేమో, బుడంకాయ ఆయన గడ్డం పట్టుకొని కిందికి లాగింది.

"నోరు తెరువు."

ఊళ్లో ఆయన ముందు నోరు తెరవడానికే అందరికీ భయం. అలాంటి మనిషి ఏమనుకున్నాడో ఏమో, వంగి నోరు తెరిచాడు. పిల్ల లోపలికి చూసి తల అడ్డంగా ఊపింది. "ముందర పండ్లు ల్యా. ముసలిది. వద్దు, కొనొద్దు!" గది కప్పు ఎగిరిపోయేటట్టు పిల్లలు నవ్వారు. పెద్దాయన నోరు మూసుకొని, తువాలు భుజాన వేసుకొని వెళ్లిపోయాడు.

మడత అయ్యవారు కొసరు పుస్తకాన్ని లాక్కొని, బీరువాలో అడుగున పడేసి, తాళం వేసి, ఏదో పని ఉందని కర్నూలుకు వెళ్లిపోయాడు. నేను నేనుండే గదికి పోయి పెట్టె సర్దుకున్నాను. పద్ధతిగానే సర్దుకున్నాను, పైన పంచెలు, కింద డైరీలు. మా నాయనకు ఏం చెప్పాలో మాత్రం పద్ధతి దొరకలేదు.

తెల్లవారేసరికి పెద్దాయన మనిషి వచ్చి బడికి రమ్మన్నాడని చెప్పాడు. పెట్టె పట్టుకొనే వెళ్లాను. బడి ముందర పెద్దాయన, ఆయన చంకలో కళ్లు వాచిపోయిన బుడంకాయ.

"యాడుంది ఆ పుస్తకం? నిన్నట్నుంచి ఈ పిల్ల అన్నం ముట్టల్యా."

"బీరువాలో ఉందండీ. తాళంచెవి హెడ్మాస్టరు మొలతాడుకుంది. మొలతాడు కర్నూల్లో ఉంది."

పెద్దాయన పిల్లను దింపి, వాకిట్లో గుండురాయి తీసుకొని ఒక్క దెబ్బకు తాళం పగలగొట్టాడు. ఖాకీ పుస్తకాలన్నీ నేల మీద కుప్పేసి కొసరును బయటికి లాగాడు. అక్కడే కూలబడి, బండి మీది ఎద్దును నిదానంగా పరీక్షించాడు.

"సుడి ల్యా. మూపురం బాగుండాది. మంచి ఎద్దు. బండెక్కినా తప్పు ల్యా" అని, నా పెట్టె వైపు చూశాడు. "ఆ పెట్టె ఏందప్పా?"

"సర్దుకోమన్నారు కదండీ."

"పండ్లు చూడనిదే దేన్నీ కొనగూడదని ఈ వయసులోనే నేర్చుకునింది నా మనవరాలు. మా ఇంట్లో మగోళ్లకే చేతగాల్యా ఇంతవరకు. చదువంటే ఇంకేందప్పా? పో, పెట్టె లోపల పెట్టుకో."

అది నేను నేర్పింది కాదని చెప్పడానికి నోరు తెరిచాను. అప్పుడే బడికి వచ్చిన టీచరమ్మ చూసిన చూపుకు మళ్లీ మూసుకున్నాను. ఆ బీరువాకు కొత్త తాళం ఎవరూ కొనలేదు. బడికి వచ్చిన ఇన్‌స్పెక్టరుకల్లా, తాళం లేకుండా ఉంచడం తన ఆలోచనే అని మడత అయ్యవారు చెప్పుకునేవాడు. ఆ సంవత్సరమే నా ఉద్యోగం ఖాయమైంది. నంద్యాలకు పోయిన నాటి డైరీ ఇప్పుడు తీసి చూస్తే, "బొమ్మల పుస్తకములు కొనడమైనది. బస్సు ఆలస్యము. విశేషములు లేవు" అని ఉంది. కింద గీత, సంతకం.

మొన్న నా మునిమనవరాలిని వెంటబెట్టుకొని నంద్యాలలో పుస్తకాల అంగడికి పోయాను. ఇన్నేళ్లకు నాకు బుద్ధి వచ్చిందని మీరు అనుకుంటున్నారేమో. అట్ట వంచి చూశాను, కాగితం నలిపి చూశాను, పుటల సంఖ్యలు వరుసగా ఉన్నాయని నిర్ధారించుకున్నాను. ఈలోగా ఆ పిల్ల నేల మీద కూచొని, నేను తోసేసిన పుస్తకాల్లో ఒకటి తెరుచుకొని తనలో తను నవ్వుకుంటోంది. ఈ కథంతా దానికి నేనే చెప్పాను, నాదే తప్పు. నా వైపు తిరిగి, "తాతా, నోరు తెరువు" అంది. అంగడిలో అందరి ముందూ తెరిచాను.

"అన్నీ ఉన్నాయే!" అంది ఆశ్చర్యంగా.

"కొన్నవి తల్లీ" అన్నాను.

"అట్లయితే కొసరేదీ?"